గడపకు అవతల చెయ్యి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది అయిదుగురు. మోకాలికి వేడినీళ్ళ సంచి కట్టుకుని సోఫాలో కాళ్ళు చాపిన రోడియోన్ వెత్లుగిన్, వృత్తి గోల్స్ కొట్టడం. ఇస్త్రీపెట్టె పట్టుకుని ఆయన చొక్కాతో కుస్తీ పడుతున్న భార్య జోయా. వంటింట్లో పిండి పిసుకుతూ, ఆ పిండితోనే పోట్లాడుతూ జోయా తల్లి కపితోలినా. కిటికీ పక్క కుర్చీలో ముడుచుకుని కూతురు తాస్యా. పదిహేనేళ్ళది, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండే పిల్ల. అయిదోది పిల్లి. తలుపుకి ఎటువైపు ఉండకూడదో ఎప్పుడూ అటువైపే ఉంటుంది కనుక దానికి ఆఫ్‌సైడ్ అని పేరు పెట్టారు.

మధ్యాహ్నానికి ఆరో మనిషి రావాలి. ఆయన కోసమే ఇస్త్రీ, ఆయన కోసమే పిండి. వేడినీళ్ళ సంచి మాత్రం ఆయన కంట పడకూడదు.

ఆయన పేరు అబీలియు కింతేలా. విలా దు మార్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షుడు. ఊళ్ళో చేపల డబ్బాల కార్ఖానా కూడా ఆయనదే. రోడియోన్‌తో క్లబ్బు ఒప్పందం ఆ నెలాఖరుతో అయిపోతోంది. ఇంకో సీజన్ ఉంచుకుంటారో, చేతిలో ఒక జ్ఞాపిక పెట్టి సాగనంపుతారో ఆయన నోటి నుంచి రావాలి. ముప్ఫై నాలుగు దాటిన ఫార్వర్డ్‌ని ఇంకో ఊరు పిలుస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. అంటే అక్కడి నుంచి దారి ఒక్కటే, వెనక్కి, సొంతదేశానికి, వోల్గా ఒడ్డుకి.

రోడియోన్ కాళ్ళు చాలా దేశాలు చూశాయి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ జట్టులో మొదలైనవాడు ఫిన్లాండ్‌లో మంచు పారతో తీసిన మైదానాల్లో ఆడాడు, టర్కీలో డప్పుల మోతకి చెవులు మూసుకుని ఆడాడు, చివరికి పోర్చుగల్‌లో ఈ వానల ఊరు చేరాడు. ప్రతి దేశంలోనూ నాన్న గోల్స్ కొట్టాడు, ప్రతి దేశంలోనూ తాస్యా భాష నేర్చుకుంది. భాష నాలుక మీదికి వచ్చి, బళ్ళో పక్కన కూర్చునే పిల్ల ఒకతె దొరికే సమయానికి అమ్మ అటక మీది అట్టపెట్టెలు దించేది. విలా దు మార్‌లో పళ్ళకి తీగ కట్టించుకున్న ఫిలీపా దొరికింది. ఇద్దరిదీ ఒకే బెంచి. ఫిలీపా పది మాటలు మాట్లాడితే తాస్యా ఒకటి మాట్లాడుతుంది, ఆ ఒక్కదానికీ ఫిలీపా పడీ పడీ నవ్వుతుంది. ఇలాంటి పిల్ల మళ్ళీ దొరకదని తాస్యాకి తెలుసు. ఈసారి అట్టపెట్టెలు కిందికి దిగకూడదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఎవరితోనైనా ఏదైనా అనడం ఆమెకి అలవాటు లేదు.

అలాంటి పిల్లే ఆ ఇంటికి దుబాసీ. రోడియోన్‌కి ఆ ఊరి భాషలో అంకెలు వచ్చు, "వాన" వచ్చు, "ఇంకొంచెం" వచ్చు, "ఫౌల్ కాదు" అని ఆరు రకాలుగా అరవడం వచ్చు. మిగతాదంతా కూతురే. నలుగురిలో నోరు విప్పాలంటే చెవులు ఎర్రబడే పిల్లకి ఈ పని ఎలా కుదిరిందంటే, మాటలు తనవి కావు కదా. బిందె మోసేవాళ్ళు నీళ్ళ రుచికి పూచీ ఎందుకవుతారు?

"రోద్యా, ఆ సంచి తియ్యి. మనిషి వచ్చే వేళయింది," అంది జోయా.

"ఇంకొక్క అయిదు నిమిషాలు."

"ఆ మోకాలు నాకప్పగించు అల్లుడూ," అంది వంటింట్లోంచి కపితోలినా. "క్యాబేజీ ఆకు వేసి కడితే తెల్లారేసరికి దూడలా గెంతుతావు."

"క్యాబేజీ అంతా మీ పిరోగ్ రొట్టెలోకి పోయింది కదా అత్తయ్యా."

"ఇంకో గడ్డ తెమ్మంటే తెచ్చావా? బంతి ఎక్కడున్నా కనిపిస్తుంది, క్యాబేజీ మాత్రం కనపడదు."

గంట మోగింది. వేడినీళ్ళ సంచి సోఫా కిందికి పోయింది. దాని వెనకే ఆఫ్‌సైడ్ కూడా పోయింది.

కింతేలా భారీ మనిషి. టోపీ అంచు నుంచి వాన కారుతోంది. లోపలికి వస్తూనే భార్య పంపిన గులాబీల గుత్తి కపితోలినా చేతిలో పెట్టాడు. కపితోలినా మొహం చేటంత చేసుకుని అందుకుంది, వెంటనే పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. పన్నెండు. చేటంత మొహం కాస్తా ముడుచుకుపోయింది.

"జోయా! సరిసంఖ్య! ఇంట్లో శవం గానీ ఉందనుకున్నాడా ఈ మనిషి?"

"అమ్మా, నవ్వు. ఆయన చూస్తున్నాడు."

కపితోలినా పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూనే ఒక గులాబీని సర్రున లాగి వేరే గ్లాసులో గుచ్చింది.

"ఆవిడ అదొక్కటీ ఎందుకు తీసింది?" అన్నాడు కింతేలా.

"అది మరీ బావుందట. విడిగా పెట్టుకుంటారట," అంది తాస్యా.

కింతేలా మురిసిపోయాడు. తాస్యా ఇలాంటివి అబద్ధాలనుకోదు. మోస్తున్నప్పుడు బిందె కాస్త తొణుకుతుంది, అంతే.

బూట్లు విప్పించి ఆయన కాళ్ళకి కపితోలినా వేసుకునే పువ్వుల చెప్పులు తొడిగారు. మడమలు వెనక నుంచి బయటికి వచ్చాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి పిరోగ్ పెట్టారు, ఉప్పులో ఊరిన దోసకాయలు పెట్టారు, చిన్న గ్లాసులు నింపారు. కింతేలా మొదటి ముక్క మర్యాదకి తిన్నాడు, రెండోది ఇష్టపడి తిన్నాడు, మూడోదాన్ని కపితోలినా అడగకుండానే పళ్ళెంలో పడేసింది.

"తినమను. భారీగా కనిపిస్తున్నాడు గానీ లోపలంతా డొల్ల. పెళ్ళాం సరిగ్గా పెట్టదేమో అడుగు."

"ఏమంటున్నారు?"

"ఇంకా తినమంటున్నారండీ."

తినడం అయ్యాక కింతేలా గ్లాసు పక్కకి జరిపి రోడియోన్ వైపు తిరిగాడు. తాస్యా కుర్చీ అంచుకి జరిగింది.

"పోయిన సీజన్ బాగా ఆడావు. వచ్చే ఏడాది కూడా అలాగే ఆడాలని ఉందా?"

"ఉండకేం! చిన్నపిల్లాడిలా ఆడతానని చెప్పు. వాళ్ళ కొత్త కుర్రాళ్ళు నా బూట్ల తాళ్ళు కట్టడానికి కూడా పనికిరారని చెప్పు. వద్దు, అది చెప్పకు."

"చాలా ఉందంటున్నారండీ."

"మరి మోకాలు?"

రోడియోన్ గడ్డం గోక్కున్నాడు. "వాన ముందు పీకుతుందని, మెట్లెక్కుతుంటే చప్పుడొస్తుందని మాత్రం ఈయనకి తెలియకూడదు. పొద్దున లేవగానే కాసేపు నాది కాదేమో అనిపిస్తుంది గానీ ఓ గంట నడిస్తే సర్దుకుంటుంది. గుర్రంలా ఉందని చెప్పు."

"గుర్రంలా ఉందట."

కింతేలా కనుబొమ్మలు పైకి లేచాయి. "అంతసేపు చెప్పాడు. గుర్రం ఒక్కటేనా?"

"మా భాషలో గుర్రానికి చాలా మాటలు పడతాయండీ," అంది తాస్యా. ఆమె చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి.

కింతేలా ఇంకేమీ అడగలేదు. ఔనని అనలేదు, కాదని అనలేదు. వాతావరణం గురించి మాట్లాడాడు, సార్డీన్ చేపల గురించి మాట్లాడాడు, లేచి పువ్వుల చెప్పులు విప్పి బూట్లు తొడుక్కున్నాడు. రోడియోన్ మొహం తెల్లబడింది. జోయా పళ్ళేలు తీస్తూ తీస్తూ ఒక పళ్ళేన్ని పాత పేపర్లో చుట్టడం తాస్యా చూసింది. అమ్మ చేతులు ఎప్పుడూ అమ్మకంటే ముందే ప్రయాణం కడతాయి.

కానీ విలా దు మార్‌లో పెద్ద మాటలు కూర్చుని చెప్పరు. తిని, తాగి, టోపీ పెట్టుకుని, ఇల్లు దాటి బయట అడుగుపెట్టాక, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి చెయ్యి చాపుతారు. ఆ చెయ్యే ఒప్పందం. కాగితాలు తర్వాత గుమాస్తాలు రాసుకుంటారు. కింతేలా పడవ కొన్నా, కోచ్‌ని తెచ్చుకున్నా అలాగే. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

అందుకే కింతేలా వాకిట్లో రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "సరే వెత్లుగిన్, ఇంకో సీజన్!" అంటూ తన పెద్ద చెయ్యి ముందుకి చాపగానే తాస్యా నాన్న పక్కకి ఒక్క గెంతు గెంతింది.

ఆ చెయ్యి గడప మీదుగా లోపలికి వచ్చింది.

రోడియోన్ నిప్పు చూసినవాడిలా తన చెయ్యి వెనక్కి లాక్కుని వీపు వెనక దాచుకున్నాడు.

ఆయన తప్పు కాదు. గడపకి అటొకరు ఇటొకరు నిలబడి చెయ్యి కలిపితే పోట్లాట తప్పదని వోల్గా ఒడ్డున పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. టర్కీలో తొందరలో ఒకసారి మేనేజరుతో అలా చెయ్యి కలిపాడు. ఆ సీజనంతా బంతి గోల్‌లోకి తప్ప అన్ని చోట్లకీ పోయింది, ఒకసారి ఐస్‌క్రీం బండిలోకి కూడా. అప్పటి నుంచి గడప దగ్గర ఆయన చెయ్యి ఆయన మాట వినదు.

"లోపలికి! లోపలికి రా!" అని రష్యన్‌లో అరుస్తూ రోడియోన్ ఎడమ చేత్తో పిలిచాడు.

"చెయ్యి తియ్యి నాయనా! అందరి కొంపా ముంచుతావు!" అంటూ కపితోలినా వచ్చి కింతేలా చొక్కా చేతిని దొరకబుచ్చుకుని లాగింది. జోయా తల్లిని లాగింది. కింతేలా బిత్తరపోయి చెయ్యి విడిపించుకున్నాడు. వేలికి ఉంగరం సర్దుకున్నాడు. ఆయన మెడ కింద నుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది.

"మా నాన్న చచ్చిపోయేదాకా ఈ చేతిని ఎవడూ కాదనలేదు. ఆయన పోయాకా కాదనలేదు," అన్నాడు నెమ్మదిగా. టోపీ కిందికి లాక్కుని వానలోకి నడిచాడు.

అందరూ అరుస్తూనే ఉన్నారు. తాస్యా నిలబడిపోయింది. చెప్పు అని ఎవరూ ఆమె వైపు తిరగలేదు. మోయడానికి ఆమె చేతిలో ఎవరి మాటా లేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏ దేశంలోనూ ఆమె నేర్చుకోలేదు.

"పోయింది. అంతా పోయింది," అన్నాడు రోడియోన్ గోడకి జారగిలబడి.

"పెట్టెలు దించుతాను," అంది జోయా.

ఆ మాటతో తాస్యా కాళ్ళు కదిలాయి. మేజోళ్ళతోనే గడప దాటి, గుంటల్లో నీళ్ళు చిందించుకుంటూ వీధి మలుపు దాకా పరుగెత్తింది. కింతేలా కారు తలుపు తీస్తున్నాడు.

"అయ్యా! అది... మా నాన్నకి..." ఊపిరి అందలేదు. "గడపండీ!"

"ఏ గడప?"

"మీరు అవతల, ఆయన ఇవతల. మధ్యలో గడప. దాని మీదుగా చెయ్యి కలపకూడదు. కలిపితే చెడు జరుగుతుంది. మీతో పోట్లాడటం ఇష్టం లేకే కలపలేదండీ. లోపల నిలబడి చాపి ఉంటే మీ చెయ్యి ఊడొచ్చేలా ఊపేవారు."

కింతేలా ఆమెని పై నుంచి కింద దాకా చూశాడు. తడిసిన మేజోళ్ళ దగ్గర చూపు ఆగింది. "మీ నాన్న పంపాడా?"

"లేదు."

"మరి ఈ మాటలు ఎవరివి?"

తాస్యాకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నావే అనుకుంటానండీ."

"నీకెందుకింత ఆత్రం? గోల్స్ కొట్టేది నువ్వు కాదు కదా."

"ఫిలీపా కోసమండీ. మా బెంచి కోసం. నాకు ఇంకో భాష నేర్చుకోవాలని లేదు." అనేశాక ఆమెకి భూమి చీలితే బావుండుననిపించింది. చీలలేదు.

కింతేలా మూతి బిగించాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, వాననీళ్ళు మింగుతున్నాడో తెలియలేదు. "అయితే ఇప్పుడు నీ మాటల్లోనే ఇంకోటి చెప్పు. ఆ గుర్రం సంగతేంటి?"

ఇక్కడ తాస్యా ఇరుక్కుంది. నిజం చెబితే అట్టపెట్టెలు. అబద్ధం చెబితే, ఇందాక అన్నవన్నీ కూడా అబద్ధాల గంపలోకే పోతాయి. పైగా సొంత మాటలు తొణికితే తడిసేది తనే.

"గుర్రమేనండీ," అంది చివరికి. "కాస్త ముసలిది. వాన ముందు నొప్పి. పొద్దున మెట్ల మీద చప్పుడు. ఆటలో ఆఖరి అరగంట మాత్రం బాగానే ఉంటుంది, అప్పటికి వేడెక్కుతుంది కదా."

కింతేలా కారు తలుపు మూసేశాడు.  "ఈ ఊళ్ళో వాన ఎప్పుడు పడదు గనక," అని గొణుక్కుని, ఇంటి వైపు నడిచాడు.

వాకిట్లో ఆయన్ని చూసి రోడియోన్ నిటారుగా నిలబడ్డాడు. కింతేలా ఈసారి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కాలు ఎత్తి, గడపని కాలవలా దాటి లోపలికి వచ్చాడు.

"ఆగు!" అంది కపితోలినా. "వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడు. అద్దం చూసుకోవాలి. తాస్యా, చెప్పు. నాలుక కూడా బయటపెట్టాలి. లేకపోతే వచ్చిన పని చెడుతుంది."

తాస్యా చెప్పింది. ఈసారి ఒక్క చుక్క కూడా తొణకలేదు. చేపల డబ్బాల కార్ఖానా యజమాని హాల్లో అద్దం ముందు నిలబడి, టోపీ తీసి, బారెడు నాలుక బయటపెట్టాడు. కపితోలినా దాన్ని వైద్యురాలిలా పరీక్షించి తల ఊపింది.

"ఇప్పుడు నా మాట," అన్నాడు కింతేలా. "ఒక సీజన్. కానీ ప్రతి ఆటలో ఆఖరి అరగంటే. పొద్దున పూట మా చిన్నపిల్లల జట్టుకి గోల్ కొట్టడం నేర్పాలి. జీతంలో తేడా లేదు."

తాస్యా నాన్న వైపు చూడకుండా ఆ మాటలన్నీ రష్యన్‌లోకి దించింది.

"అరగంటా?" రోడియోన్ గొంతు లేచింది. "అరగంట ముసలాళ్ళకి ఇస్తారు! మోకాలి సంగతి ఈయనకి ఎవరు చెప్పారు?"

 తాస్యా మేజోళ్ళ నుంచి నీళ్ళు నేల మీద మడుగు కడుతున్నాయి.

"మోకాలే చెప్పుంటుంది," అంది కపితోలినా. "నువ్వు మెట్లెక్కుతుంటే దాని అరుపు చేపల రేవు దాకా వినిపిస్తుంది."

రోడియోన్ ఆ మడుగు చూశాడు, కూతుర్ని చూశాడు. అటక నిచ్చెన మీద ఒక కాలు పెట్టి ఆగిన భార్యని చూశాడు.

"తాస్కా, నీకు ఇక్కడే ఉండాలని ఉందా?"

"ఉంది."

"ఎప్పుడూ అనలేదేం?"

"మీరు చెప్పమన్నవే చెప్తుంటాను కదా నాన్నా."

రోడియోన్ మెడ వెనక గోక్కున్నాడు. తర్వాత కింతేలా భుజం పట్టుకుని హాలు మధ్య దాకా నడిపించాడు. ఆయన బూట్లని చూశాడు, తన కాళ్ళని చూశాడు, గడప ఎంత దూరంలో ఉందో చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాక చెయ్యి అందుకుని, ఊడొచ్చేలా ఊపాడు. జోయా నిచ్చెన దిగి, ఇందాక పేపర్లో చుట్టిన పళ్ళేన్ని విప్పడం మొదలుపెట్టింది.

"ఒప్పందం ఒప్పందమే. ఇక ఆ అరగంట సంగతి తేల్చుకోవాలి," అన్నాడు రోడియోన్. కింతేలాని వంటింట్లోకి తోసుకెళ్తూ వేళ్ళు చూపించి ఆ ఊరి భాషలో, "నలభై అయిదు! ఇంకొంచెం!" అన్నాడు.

"ముప్ఫై," అన్నాడు కింతేలా.

"నలభై!"

తాస్యా వాళ్ళ వెనకే నడిచింది, ఎప్పటిలాగే. వంటింటి గుమ్మంలో రోడియోన్ అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వెక్కడికి?"

"చెప్పడానికి, నాన్నా."

"అంకెలు నాకు వచ్చు. నువ్వు లోపలుంటే నా నడుము సంగతి కూడా బయటపడుతుంది. పో, ముందు ఆ తడి మేజోళ్ళు విప్పు."

ఆమె ముక్కుకి తగలకుండా చూసుకుని, ఆయన తలుపు మూసేశాడు.